ఖాళీ పిడికిలి

మణెమ్మను నేను క్షమించలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. మా సంఘంలో అయ్యగారు క్షమాపణ మీద ప్రసంగం చేసినప్పుడల్లా అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది నేనే. నోటితో అన్నాను. నోటిదేం పోయింది, ఎన్నయినా అంటుంది.

మణెమ్మ నా తోటికోడలు, మా మరిది మహేందర్ భార్య. కొల్లాపూర్ నుంచి సోమశిల పోయే దారిలో మాది చిన్న ఊరు. నా మొగుడు సామ్యూల్, మరిది, ఇద్దరూ పుణె దిక్కు కాలువ పనులకు పోతారు, పండుగలకు వస్తారు. ఇంట్లో ఉండేది మా అత్త ఎస్తేరమ్మ, మణెమ్మ, నేను. పెరట్లో పందుల దొడ్డి, అందులో ఒక తల్లి పంది, దాని పిల్లలు. ఈ తల్లి పందిని గుర్తుపెట్టుకోండి. నా పక్షాన నిలబడ్డది ఆ ఇంట్లో అదొక్కటే.

నాకు కళ్ళు ఒక్కసారిగా పోలేదు. నాలుగేండ్లు పట్టింది. మొదట పక్కల చూపు పోయింది, తర్వాత అది మెల్లగా మధ్యకు వచ్చింది. పాలమూరు దవాఖానలో డాక్టరు కంటి నరం ఎండిపోయిందని, పోయిన చూపు ఇక రాదని చెప్పాడు. ఆ నాలుగేండ్లూ నేను ఏడుస్తూ కూర్చోలేదు. పొయ్యి ముందు కూర్చొని, ఉన్న కాస్త చూపును కూడా మూసేసుకొని వండటం నేర్చుకున్నాను. చూపు లేకపోయినా నేను సత్యమ్మనే. పొయ్యి లేకపోతే మాత్రం ఈ ఇంట్లో ఒక మూలన కూర్చొని తిండికి ఎదురుచూసే మనిషిని. ఆ సంగతి నాకు డాక్టరు చెప్పనవసరం లేకపోయింది.

నా చేతి వంటల్లో పేరున్నది పంది తునకలు. మా పుట్టిల్లు గద్వాల దిక్కు. అక్కడ మా అమ్మ జంగమ్మ నేర్పింది. ఈ ఇంటికి నేను వచ్చేదాకా ఇక్కడ ఎవరికీ ఆ వంట తెలియదు. పంది పొట్ట దగ్గరి మాంసం ఒక పొర కండ, ఒక పొర కొవ్వు, మళ్ళీ కండ, మళ్ళీ కొవ్వుగా ఉంటుంది. దాన్ని జానెడు పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఆరబెట్టి, తర్వాత పొయ్యి మీది దూలానికి వేలాడదీసి పొగ పట్టిస్తాం.

ఇక్కడొక కిటుకుంది. పెద్దకూర, అంటే గొడ్డుమాంసం తునకలకు ఉప్పు అంతగా అక్కర్లేదు. మా పాలమూరు ఎండకు మూడు దినాల్లో కట్టెల్లా ఎండిపోతాయి, అట్లనే తీసి కూరలో వేసుకోవచ్చు. పంది కొవ్వు ఎండకు ఎండేది కాదు. దాన్ని ఉప్పే కాపాడాలి. అందుకని ఇక పట్టదు అనేదాకా ఉప్పు పట్టిస్తాం. వండేముందు మళ్ళీ ఆ ఉప్పును బయటికి లాగాలి. తెల్లారకముందే లేచి బియ్యం కడిగిన నీళ్ళలో తునకలు నానబెట్టి, మూడుసార్లు నీళ్ళు మార్చేదాన్ని. ఇంట్లోవాళ్ళు చూసినప్పుడు, కడుగుతోంది అనుకునేవాళ్ళు. కళ్ళు లేనిది కదా, ఒకటికి మూడుసార్లు కడుక్కుంటుంది అనుకునేవాళ్ళు. నేనూ విప్పి చెప్పలేదు.

తర్వాత వేయించడం. పొయ్యి ముట్టించకముందే ఇనుప బాండ్లిలో తునకలు పేర్చాలి. బాండ్లి కుడి చెవి దగ్గర మొదలుపెట్టి చుట్టూ ఒక్కొక్కటే పెట్టుకుంటూ ఎడమ చెవి దాటి మళ్ళీ కుడి చెవికి రావాలి, అప్పుడు ఏది ఎక్కడుందో వేళ్ళకు గుర్తుంటుంది. పైన రెండు గరిటెల నీళ్ళు. మంట చిన్నగా. మొదట నీళ్ళు బుడబుడమంటాయి. నీళ్ళు ఇంకిపోయి కొవ్వు కరగడం మొదలైతే చప్పుడు మారుతుంది, చిటపటలు పెద్దవవుతాయి. అప్పుడు పేర్చిన వరుసలోనే తిప్పాలి. ఇంకాసేపటికి ఆ చిటపట సన్నబడి, కొత్త చీర నేల మీద రాచుకున్నంత చప్పుడే మిగులుతుంది. అదే అదను. పుల్లతో తడితే వేగని తునక పలకదు, వేగింది టక్కుమంటుంది. దించేముందు వెల్లుల్లి, దంచిన ఎండుమిరప. ఉప్పు మాత్రం ఎక్కడా, ఎప్పుడూ వెయ్యం.

కళ్ళున్నవాళ్ళు రంగు చూసి దించుతారు. పసుపు, పొగ పట్టిన తునక సగం వేగకముందే ఎర్రగా కనిపిస్తుంది, అందుకే వాళ్ళవి నమిలితే సాగుతాయి. నావి సాగవు.

ఇక జరిగిన సంగతి. రెండువేల నాలుగు అక్టోబరు. మణెమ్మ ఈ ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది. నేను తునకలు వేయించి, వాటిని పళ్ళెంలోకి తీసి, వేడి కొవ్వుతో ఉన్న బాండ్లిని ఎప్పటిలాగే పొయ్యికి ఎడమన, గోడవారగా ఉన్న ఇటుకల మీద పెట్టాను. నేను కుడివైపు రోలు దగ్గరకు జరిగి, కాళ్ళు మడుచుకొని వెల్లుల్లి దంచుతున్నాను. అత్త గోడకు ఆనుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మణెమ్మ పచ్చడి జాడీ కోసం మా మధ్య నుంచి గబగబా నడిచింది. బాండ్లి దొర్లిన చప్పుడు, ఆ వెంటనే అత్త కేక. కొవ్వంతా ఆమె కుడి పాదం మీద పడింది.

నేను లేచేలోపే మణెమ్మ అరిచింది. "అయ్యో, అక్క కాలు తగిలింది! అక్క తన్నింది!"

"నా కాలు తగల్లే" అన్నాను.

"నీకు కండ్లు కనపడయ్ గదా అక్కా, తగిలింది నీకెట్ల తెలుస్తది? నేను నా కండ్లతో చూసిన."

"కండ్లు పోయినయ్ గని కాలు పోలేదు గదనే! కాలే బాండ్లి తగిలితే నా కాలుకు తెల్వదా?"

ఎవరు వింటారు? అత్త నొప్పితో మూలుగుతోంది. ఇరుగుపొరుగు వచ్చారు. ఒకరు చూశానన్నారు, ఇంకొకరు చూపు లేనివాళ్ళు. ఆ పంచాయితీ అక్కడే తేలిపోయింది. సామ్యూల్ పుణె నుంచి వచ్చాడు. ఆయనతో అంతా చెప్పాను, బాండ్లి ఎక్కడ పెట్టానో, నేనెక్కడ కూర్చున్నానో జానలు కొలిచి మరీ చూపించాను. అంతా విని, "అమ్మ కాలు కాలింది గదనే. ఇప్పుడు గియన్ని ఎందుకు, జర ఊకో" అన్నాడు. ఇరవై రెండేండ్లు కాపురం చేసిన మొగుడు. మణెమ్మ మాట కన్నా ఆ 'జర ఊకో' నన్ను ఎక్కువ కాల్చింది.

అత్త మంచం మీది నుంచి తీర్పు చెప్పింది. "ఇగ పొయ్యి కాడికి రాకు సత్తెమ్మా. మణెమ్మ పెడ్తది, తిను."

తిన్నాను. మణెమ్మ పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టేది. "అక్కా, కుడిదిక్కు కూర ఉంది, జర జాగ్రత్త" అని ఊరందరికీ వినపడేలా చెప్పేది. ఇంటికి ఎవరైనా వస్తే, "పాపం అక్కకు తెల్వక తన్నింది, తప్పు అక్కది కాదు" అనేది. నాకు పాపం చేసిన మనిషి నన్ను పాపం అంటుంటే ఆ అన్నం గొంతు దిగేది కాదు. ఒక్క పని మాత్రం నాకు వదిలారు, తునకలు కొయ్యడం, ఉప్పు పట్టించడం. ఆ పని జిడ్డు, మణెమ్మకు అసహ్యం, పైగా నిప్పుతో పనిలేదు.

తొమ్మిది నెలలు ఓపిక పట్టాను. తర్వాతి వానాకాలంలో ఒకనాడు అత్త, మణెమ్మ కలుపు తీయడానికి పోయినప్పుడు, దొడ్డి గోడ పక్కన రేకు కింద మూడు రాళ్ళు పెట్టి నా పొయ్యి నేను వేసుకున్నాను. అత్త వచ్చి తిట్టింది. "కాలి సస్తవ్ లే, నాకేం" అని లోపలికి పోయింది. కుంటుతూ పోయింది. కాలిన పాదం ఈడ్చడం వల్ల ఆమె నడకలో ఒక అడుగు పడుతుంది, ఒక అడుగు గీసుకుంటుంది. ఆ గీత వినపడినప్పుడల్లా నాకు ఆమె మీద కోపం వచ్చేది కాదు. మణెమ్మ మీదే వచ్చేది.

క్రిస్మస్ రోజు మా సంఘంలో ప్రేమ విందు ఉంటుంది. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో వంట తెస్తారు. మా ఇంటి వంతు ఎప్పుడూ తునకలే. నన్ను పొయ్యి నుంచి లేపిన ఏడాది మా ఇంటి నుంచి ఏమీ పోలేదు, అత్త మంచం మీద ఉంది. రెండువేల ఐదు డిసెంబరులో సంఘపెద్ద మాసయ్య ఆదివారం ఆరాధన అయ్యాక అడిగాడు. "ఎస్తేరమ్మా, ఈసారన్న మీ ఇంటి తునకలు తినిపిస్తరా లేదా?"

నేను నోరు తెరిచేలోపే మణెమ్మ అందుకుంది. "నేను తెస్త పెద్దయ్యా. అక్క చేసినట్లే చేస్త, చూడుండ్రి."

ఆమె జన్మలో తునక వేయించలేదు. ఎట్లా చెయ్యాలో నన్ను అడగాలంటే నా ముందు కూర్చోవాలి. నా ముందు కూర్చోవడం ఆమెకు చేతకాదు, బాండ్లి దొర్లిన నాటి నుంచి ఒక్కనాడు కూడా కూర్చోలేదు. మరి ఎట్లా నేర్చుకుంటుందా అని నేనూ ఆలోచించాను.

ఆ వారంలోనే తెలిసింది. పొద్దున్నే నా రాళ్ళ పొయ్యి మీద తునకలు పేర్చి మంట పెట్టాను. గోడ అవతల తల్లి పంది లేచి గుర్రుగుర్రుమంటూ నడిచి గోడ దగ్గరికొచ్చి మూతితో రాసుకోవడం మొదలుపెట్టింది. అది అట్లా లేచేది ఒక్క మనిషికే. రోజూ దానికి కుడితి పోసేది మణెమ్మ. ఆమె వాసన తగిలితే చాలు, తిండి వచ్చిందని లేస్తుంది. నేను వస్తే చెవి కూడా కదపదు. అంటే మణెమ్మ దొడ్డి గోడ మూల నిలబడి ఉంది. కుడితి పొయ్యడం లేదు. మాట్లాడడం లేదు. నన్ను చూస్తోంది.

ఒళ్ళు మండిపోయింది. నా పొయ్యి తీసుకుంది, నా పేరు తీసుకుంది, ఇప్పుడు నా చేతిలోది కూడా దొంగతనంగా తీసుకుపోతానంటోంది. అది కూడా నాకు కళ్ళు లేవన్న ధీమాతో, నా ఎదురుగానే నిలబడి. "ఏందే, ఏం చూస్తున్నవ్?" అని అరవబోయాను. నాలుక దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. చూడనీ అనుకున్నాను. బాగా చూడనీ.

తునకలు అప్పటికే నానబెట్టి, నీళ్ళు పిండేసి ఉన్నాయి. ఆమె వచ్చేది పొగ లేచాక, నానబెట్టడం ఆమె కంట పడలేదు. నేను పక్కనున్న ఉప్పు పిడత దగ్గరకు లాక్కున్నాను. మూత తీసి చప్పుడయ్యేలా కింద పెట్టాను. చెయ్యి లోపలికి పెట్టి, రాళ్ళుప్పును గలగలమనిపించి, ఉప్పంతా వదిలేసి ఖాళీ పిడికిలి మూసి బయటికి తీశాను. బాండ్లి మీద ఆ పిడికిలి గుండ్రంగా తిప్పుతూ విదిలించాను. మళ్ళీ ఒకసారి. రెండు పిడికిళ్ళు. చివర్లో చేతులు దులుపుకున్నాను కూడా. కళ్ళున్నవాళ్ళు చూసేది సగమే, మిగతా సగం వాళ్ళే నింపుకుంటారు. ఆ పొగలో, అంత దూరం నుంచి, పిడికిలిలో ఉప్పు ఉందా లేదా అని ఎవరు వెతుకుతారు?

మూడు రోజులు వరసగా చేశాను. మూడు రోజులూ పంది లేచింది.

క్రిస్మస్ ముందురోజు అత్త నా దగ్గరికి వచ్చింది. "సత్తెమ్మా, దండెం మీదియి మణెమ్మకియ్యి. ఇంటి పేరు ఉండాలె గదా."

"తీస్కపొమ్మను అత్తమ్మా" అన్నాను. నేనే లేచి, బాగా ఉప్పు పట్టినవి ఏరి, నా చేతులతో గంప నింపి ఇచ్చాను. మణెమ్మ గంప అందుకుంటూ ఒక్క క్షణం ఆగింది. ఏమైనా అడుగుతుందేమో అనుకున్నాను. "నానబెట్టాల్నా అక్కా?" అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్నా? నిజం చెప్పాలంటే చెప్పేదాన్ని కాదేమో. కానీ ఆమె అడగలేదు. "మంచిగ ఎండినయ్" అని మాత్రం అని పోయింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పండుగనాడు గుడిలో రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకునేదాకా ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. వంటచేసే ఆడవాళ్ళు ఉప్పు కూడా చూడరు. అందరూ చేతి అంచనాతో వండుకొని, గిన్నెలు మూతపెట్టి గుడికి తెస్తారు. నేను ఉప్పు చూసి వండిన మనిషిని కాదు కాబట్టి నాకు ఆ పద్ధతి ఎన్నడూ కష్టం కాలేదు. మణెమ్మకు అదే మొదటిసారి. ఆ పొద్దున లోపలి పొయ్యి మీద పెద్ద బాండ్లి ఎక్కింది. నేను బయట నా రాళ్ళ మీద కూర్చొని విన్నాను. తునకలను ఒక్కసారి నీళ్ళు పోసి కడిగిన చప్పుడు, అంతే. కాలిన బాండ్లిలో గుప్పున వేసిన చప్పుడు. ఉప్పు పిడత మూత నాలుగుసార్లు తీసిన చప్పుడు. పెద్ద బాండ్లి కదా, నాలుగు పిడికిళ్ళు. లేచి లోపలికి పోయి ఆపవచ్చు. ఆపలేదు.

సంస్కారం అయ్యింది. గుడి ముందు షామియానా కింద గిన్నెలు వరసగా పెట్టారు. సామ్యూల్ నన్ను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. మాసయ్య ఒక్కో మూత తీసి, "ఇది ఎవరి వంట?" అని అడుగుతాడు, వండిన మనిషి లేచి తన పేరు చెప్పుకుంటుంది. ఇది ఎన్నో ఏండ్లుగా ఉన్నదే. మా గిన్నె మూత తీయగానే పొగ వాసన, కొవ్వు వాసన గుప్పుమన్నాయి. జనంలో సంతోషం వినపడింది.

"ఇది ఎవరి వంట?"

"నాది. మణెమ్మ వండింది" అని ఆమె గట్టిగా చెప్పింది. ఆ గొంతులో ఎంత సంబరం.

మాసయ్య మొదటి తునక నోట్లో వేసుకున్నాడు. నేను అతని నములుడు విన్నాను. రెండుసార్లు నమిలి ఆగిపోయాడు. తర్వాత దగ్గు. "నీళ్ళు! నీళ్ళు తేండ్రి జర!" అప్పటికి పది మంది ఆకుల్లో పడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు ఉమ్మిన చప్పుడు. అయ్యగారి భార్య మర్యాదగా, "ఉప్పు కొంచెం ఎక్కువైనట్టుందమ్మా" అంది. మర్యాద ఎంతసేపు? "ఏందమ్మా గిది, మూట గుమ్మరించినవా?" అని మాసయ్య అడిగేశాడు. జనం నవ్వారు. పొద్దుటి నుంచి పస్తులున్నవాళ్ళు ఆకలి మీద నవ్వితే ఆ నవ్వు మెత్తగా ఉండదు.

అత్త గీసుకుంటూ నడిచి వచ్చి, ఒకటి నోట్లో వేసుకొని ఊసింది. "ఇది మా ఇంటి తునకనా? ఇంటి పేరు తీసినవ్ గదనే!"

మణెమ్మ ఏడుపు అందుకుంది. "నేను సొంతంగ ఏం చెయ్యలే అత్తమ్మా! అక్క ఎట్ల చేస్తదో గట్లనే చేసిన. దొడ్డి గోడ కాడ నిలవడి మూడు దినాలు చూసిన. అక్క బాండ్లికి రెండు పిడికిళ్ళు ఉప్పు ఏసింది. కొవ్వు ఉప్పును మింగుతదేమో అనుకున్న."

"సత్తెమ్మ చేతి తునకలు ఏండ్ల సంది తింటున్నం" అన్నాడు మాసయ్య. "ఒక్కనాడన్న గిట్ల ఉప్పైందా? రెండు పిడికిళ్ళు ఏస్తే మనిషి తింటడా? నీ తప్పు గుడ్డిదాని మీద పెడ్తవేందమ్మా?"

"నా కండ్లతో చూసిన పెద్దయ్యా! బైబిల్ మీద ప్రమాణం చేస్త!"

అప్పుడు లేచాను. నా కర్ర చప్పుడుకు అందరూ ఊరుకున్నారు. సామ్యూల్ నా మోచెయ్యి పట్టుకొని, "జర ఊకో" అన్నాడు. చెయ్యి విదిలించుకున్నాను. "పద్నాలుగు నెలలు ఊకున్న. ఇగ నువ్వు ఊకో" అన్నాను.

మణెమ్మ ఏడుపు వినిపిస్తున్న వైపు తిరిగాను. "మణెమ్మా, మంచిగ చెప్పు. నేను ఉప్పు ఏసింది నీ కండ్లతోనే చూసినవా?"

"చూసిన అక్కా. నీకు తెలుసు గదా!"

"ఆ దినం నా కాలు బాండ్లికి తగిలింది గూడ ఈ కండ్లతోనే చూసినవా?"

ఆ ప్రశ్న పద్నాలుగు నెలలు నా లోపల మగ్గింది. షామియానా గుడ్డ గాలికి కొట్టుకోవడం వినిపించింది. అత్త అడుగు ఒకటి పడి, రెండోది గీసుకోకుండా మధ్యలోనే ఆగిపోయింది.

నేను చేసిందేమిటో నాకు బాగా తెలుసు. ఆ రోజు మణెమ్మ చెప్పింది అబద్ధం, ఊరంతా నమ్మింది. ఈ రోజు ఆమె చెప్పింది నిజం, తను చూసింది చూసినట్టే చెప్పింది, ఒక్కరూ నమ్మలేదు. ఆమె ఏడుస్తోంది. ఆ ఏడుపు నాకు తెలిసిన ఏడుపే. నిజం చెప్పీ చెప్పీ, గోడకు చెప్పినట్టయినప్పుడు వచ్చేది, గొంతులో సగం ఇరుక్కుపోతుంది. జాలి వేసిందా అంటే వేసింది, వెల్లుల్లి మాడేంత సేపు. ఆ తర్వాత నా కడుపు నిండింది. ఆ పండుగకు నేను అన్నం తినకపోయినా సరిపోయేది.

మరునాడు పొద్దున రాళ్ళ పొయ్యి దగ్గర కూర్చున్నాను. పంది లేచింది. ఈసారి మణెమ్మ గోడ మూల ఆగలేదు, తిన్నగా వచ్చి నా ముందు కూర్చుంది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి.

"అక్కా, నువ్వు ఉప్పు ఏసినట్ల చేసినవ్ గదా? ఖాళీ చెయ్యే గదా? నిజం చెప్పు, నాకు రాత్రి నిద్ర పట్టలే."

"ముందు నువ్వు చెప్పు."

నేను పుల్లలు విరుస్తూ కూర్చున్నాను. ఆమె వెనక, ఇంటి గడప వైపు నుంచి ఒక అడుగు, ఒక గీత, ఒక అడుగు, ఒక గీత దగ్గరికొచ్చి ఆగాయి. మణెమ్మ తలవంచుకొని ఉన్నట్టుంది, వినలేదు. నేను విన్నాను. అందుకే మళ్ళీ అడిగాను, కొంచెం గట్టిగా. "ఆ దినం బాండ్లి ఎవరికి తగిలిందే?"

"నా చెంగు చిక్కిందక్కా, బాండ్లి చెవికి" అంది. "గుంజుకుంట పోయిన, దొర్లింది. కొత్తగ వచ్చిన, అత్తమ్మ వెళ్ళగొడ్తదని భయమైంది. నీ పేరు నోట్లకు ఎట్ల వచ్చిందో వచ్చింది. తర్వాత ఎట్ల తీయాల్నో తెల్వలే."

"పద్నాలుగు నెలలు తెల్వలేదా?" అంది అత్త వెనక నుంచి.

మణెమ్మ గాజులు నేలకు కొట్టుకున్నాయి. అత్త కాళ్ళ మీద పడినట్టుంది. అత్త ఆమెను లేపిన చప్పుడు రాలేదు. గీసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఆమె చెయ్యి నా తల మీద పడి, కాసేపు అట్లే ఉంది. క్షమించమని అడగడం ఆ ముసలిదానికి రాదు.

"లే సత్తెమ్మా" అంది. "లోపల పొయ్యి ముట్టియ్యి."

లేచాను. గడప దగ్గర అత్త మళ్ళీ ఆగింది. "గని ఒక్కటి చెప్పు. నిజంగనే ఉప్పు ఏసినట్ల చేసి చూపిచ్చినవా దానికి?"

"నాకు కండ్లు కనపడయ్ గదా అత్తమ్మా" అన్నాను, వెనకున్న మణెమ్మకు కూడా వినపడేలా. "అది ఆడ నిలవడింది నాకెట్ల తెలుస్తది?"

లోపలి పొయ్యి ఇప్పుడు నాది. బాండ్లి ఎడమ పక్కన ఇటుకల మీదే పెడతాను, అటువైపు ఎవరూ నడవరు. సామ్యూల్ ఇంటికొచ్చినప్పుడు నా పక్కన కూర్చొని వెల్లుల్లి ఒలుస్తాడు, ఎక్కువ మాట్లాడడు, మాట్లాడమని నేనూ అడగను. మణెమ్మ దొడ్డి చూసుకుంటుంది, నాతో మర్యాదగా ఉంటుంది. కిటికీ దొడ్డి వైపే ఉంది. నేను తునకలు పెట్టిన పొద్దున బయట పంది లేచి గుర్రుమంటుంది, అంటే ఆమె అక్కడ నిలబడి చూస్తోంది. నేను ఒకరోజు పిడికిలి విదిలిస్తాను, ఒకరోజు విదిలించను. నానబెట్టే సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.